ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తరచుగా వచ్చే రోగులు: ఘుబ్రా (ఒమాన్), తెలుగు రాష్ట్రాలు

తమ వయసువారిలో మిగతావారికంటే బాగా ఎక్కువసార్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, కుటుంబ వైద్యుడి దగ్గరకో వెళ్లేవారిని వైద్యసేవల పరిశోధనలో ‘తరచు రోగులు’ అనే వర్గంగా చూస్తారు. ఇది జబ్బు పేరు కాదు, రోగనిర్ధారణ అంతకన్నా కాదు. ఏడాది పొడవునా నమోదైన హాజరు నుంచి తేలే లెక్క మాత్రమే. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు మూడూ కలిసి ఉన్న పెద్దవయసువారు ఈ వర్గంలో ఉంటారు. పరీక్షలన్నీ బాగున్నా గుండెదడ తగ్గని నడివయసువారుంటారు. కాలు విరిగి, కట్టు మార్పించుకోవడానికి నాలుగు రోజులకోసారి వచ్చే కుర్రవాడూ ఉంటాడు. హాజరు సంఖ్య తప్ప వీరిని కలిపే లక్షణం మరొకటి లేదు.

ఒమాన్ రాజధాని మస్కట్‌లోని ఘుబ్రా ప్రాంతం ఈ వ్యాసానికి ప్రధాన ఉదాహరణ. ప్రభుత్వ ప్రాథమిక సేవలు, ప్రైవేటు క్లినిక్కులు, దేశంలోనే పెద్దదైన రిఫరల్ ఆసుపత్రి ఇక్కడ దగ్గరదగ్గరగా ఉన్నాయి. స్థానిక పౌరులతో పాటు తెలుగువారితో సహా వేలాది ప్రవాసులు ఇక్కడ నివసిస్తున్నారు. ఒకే వీధిలో ఉండే ఇద్దరు ఎంత తరచుగా వైద్యుడి దగ్గరకు వెళ్తారో, ఆ హాజరు ఎక్కడ నమోదవుతుందో జబ్బు ఒక్కటే నిర్ణయించదు. వారు ఏ వ్యవస్థ పరిధిలోకి వస్తారన్నది కూడా నిర్ణయిస్తుంది.

నిర్వచనం, లెక్కింపు పద్ధతులు

నిర్వచనాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది స్థిర పరిమితి: ఏడాదికి పది సార్లో పన్నెండు సార్లో దాటితే ఆ రోగి ఈ వర్గంలో చేరతాడు. ఇది లెక్కపెట్టడానికి సులువు, పోల్చడానికి పనికిరాదు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు సహజంగానే ఎక్కువసార్లు వస్తారు కాబట్టి స్థిర పరిమితి పెడితే జాబితా వారితోనే నిండిపోతుంది. రెండోది అనుపాత పద్ధతి. నమోదైన రోగులను వయసు, లింగం ప్రకారం విడగొట్టి, ఒక్కో విభాగంలో అందరికంటే ఎక్కువసార్లు వచ్చిన పై 10 శాతాన్ని, కొన్ని పరిశోధనల్లో పై 3 శాతాన్ని తీసుకుంటారు. ఈ లెక్కన ఏడాదిలో ఎనిమిది సార్లు వచ్చిన పాతికేళ్ల యువకుడు జాబితాలో ఉండవచ్చు. పన్నెండు సార్లు వచ్చిన డెబ్బై ఏళ్ల వృద్ధురాలు తన వయసువారిలో మామూలుగానే వచ్చినట్లు తేలవచ్చు.

డెన్మార్క్ పరిశోధకులు వెడ్‌స్టెడ్, క్రిస్టెన్‌సెన్ 2005లో ప్రచురించిన సమీక్షలో అనుపాత పద్ధతినే సిఫార్సు చేశారు. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను పోల్చి చూస్తే, రోగుల్లో అత్యధికంగా వచ్చే పై 10 శాతం మంది మొత్తం సందర్శనల్లో 30 నుంచి 50 శాతానికి కారణమవుతున్నారని తేలింది. 1998లో ఇంగ్లండ్‌లో నీల్ బృందం ప్రచురించిన లెక్కల ప్రకారం నమోదైన రోగుల్లో అత్యధికంగా వచ్చే 1 శాతం మంది 6 శాతం సందర్శనలకు, 3 శాతం మంది 15 శాతం సందర్శనలకు కారకులు.

ఏది సందర్శన, ఏది కాదు అన్నది మరో చిక్కు. గర్భిణుల నెలవారీ పరీక్షలు, పిల్లల టీకాలు, నర్సు కట్టు మార్చడం, పాత మందులే మళ్లీ రాయించుకోవడం, ఫోన్ సంప్రదింపు వంటివాటిని కొన్ని అధ్యయనాలు కలుపుతాయి, కొన్ని వదిలేస్తాయి. అందుకే రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టి ఫలానా చోట జనం ఊరికే ఆసుపత్రికి పోతారని తీర్పు చెప్పడం సరికాదు.

తాత్కాలికం, నిరంతరం

ఒక ఏడాది జాబితాలో ఉన్నవారు మరుసటి ఏడాదీ ఉంటారా? నెదర్లాండ్స్‌లో స్మిట్స్ బృందం మూడేళ్ల రికార్డులను పరిశీలించి 2009లో ప్రచురించిన ఫలితం ఈ అంశంలో కీలకమైనది. మొదటి ఏడాది తరచు రోగులుగా లెక్కకొచ్చినవారిలో సుమారు 15 శాతం మంది మాత్రమే మూడేళ్లపాటు ఆ వర్గంలో కొనసాగారు. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు. మిగతావారికి వచ్చిన జబ్బు తగ్గింది, ప్రసవం అయిపోయింది, విరిగిన ఎముక అతికింది, లేదా ఇంట్లో వచ్చిన కష్టం గడిచిపోయింది.

ఏ జోక్యమూ లేకుండానే ఏడుగురిలో ఆరుగురి హాజరు దానంతటదే తగ్గుతుంది కనుక, తరచు రోగులను ఎంచి ఏదో ఒక కార్యక్రమం నడిపితే మరుసటి ఏడాది సంఖ్య పడిపోయి, అది కార్యక్రమ ఫలితంగా కనిపిస్తుంది. గణాంక శాస్త్రంలో దీన్ని సగటు వైపు మరలడం అంటారు. పోలిక బృందం లేని అధ్యయనాలను నమ్మకూడదని చెప్పేది ఇందుకే (చూ. జోక్యాలు).

చరిత్ర

ఈ అంశంపై తొలి పరిశోధనలు ఎక్కువగా బ్రిటన్, నార్డిక్ దేశాలు, నెదర్లాండ్స్ నుంచి వచ్చాయి. అక్కడి రోగులు ఎక్కువ జబ్బుపడ్డారని కాదు. ప్రతి పౌరుడూ ఒక వైద్యుడి జాబితాలో నమోదై ఉండటం వల్ల ఎవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టడం వీలైంది. 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక, లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ కుటుంబ వైద్యులతో చర్చా బృందాలు నడిపాడు. ఆ అనుభవంతో 1957లో వెలువడిన ఆయన పుస్తకం, మళ్లీమళ్లీ వచ్చే రోగి వైద్యుడి నుంచి కోరేది మందు ఒక్కటే కాదనే విషయాన్ని చర్చకు తెచ్చింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో రోగిని నిందించే ధోరణి వైద్య పత్రికల్లోకి చొరబడింది. 1978లో అమెరికాలో జేమ్స్ గ్రోవ్స్ వ్యాసం శీర్షికలోనే ద్వేషం పుట్టించే రోగి అనే మాట వాడాడు. 1988లో ఐర్లండ్‌కు చెందిన టామ్ ఓడౌడ్, చూడగానే వైద్యుడి గుండె జారిపోయే రోగుల గురించి రాశాడు. ఇద్దరి ఉద్దేశమూ వైద్యుడి మనఃస్థితిని విప్పి చూపడమే. కానీ ఆ మాటలు వ్యాసాలను దాటి ఓపీ గదుల్లోకి వెళ్లి, మనుషులపై ముద్రలుగా మిగిలిపోయాయి. ఇటీవలి పరిశోధన ఆ మాటలను వదిలేసి హాజరు సంఖ్యకే పరిమితమవుతోంది. ఇది మంచి మార్పు.

ఒమాన్‌లో ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థ (చూ. ఆల్మా-అటా ప్రకటన)

1970లో సుల్తాన్ ఖాబూస్ అధికారానికి వచ్చేనాటికి ఒమాన్‌లో ఆసుపత్రులంటే అమెరికన్ మిషన్ నడిపినవే. వాటిలో మత్రాలోని అర్‌రహ్మా ఆసుపత్రి పేరుపొందింది. 1939 నుంచి అక్కడ పనిచేసిన డాక్టర్ వెల్స్ థామ్స్ దగ్గరకు దేశం లోపలి ప్రాంతాల నుంచి రోగులు వచ్చేవారు. రోజుల తరబడి ప్రయాణం చేసి చేరేచోట తరచు రోగి అనే వర్గమే ఉండదు. జబ్బు ముదిరినవారే వస్తారు, బతికితే వెనక్కి వెళ్తారు.

1970లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఏర్పడింది. 1978 సెప్టెంబరులో ఆల్మా-అటాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం తరువాత ఒమాన్ ప్రాథమిక ఆరోగ్యాన్ని తన వ్యవస్థకు పునాదిగా చేసుకుంది. ఊళ్లలో, పట్టణ వీధుల్లో ఆరోగ్య కేంద్రాలు, వాటిపైన పాలీక్లినిక్‌లు, స్థానిక ఆసుపత్రులు, ఆపైన ప్రాంతీయ రిఫరల్ ఆసుపత్రులు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో 191 దేశాల ఆరోగ్య వ్యవస్థలకు ఇచ్చిన మొత్తం పనితీరు వరుసలో ఒమాన్ 8వ స్థానంలో, భారత్ 112వ స్థానంలో నిలిచాయి. ఆ ర్యాంకుల లెక్కింపు విధానంపై తరువాత చాలా విమర్శ వచ్చినా, మూడు దశాబ్దాల్లో ఒమాన్ సాధించిన మార్పును ఎవరూ కాదనలేదు.

కేంద్రం దగ్గరైతే అంతకుముందు ఇంట్లోనే భరించిన తలనొప్పి, నీరసం, నిద్రలేమి కూడా వైద్యుడి ముందుకు వస్తాయి. కాబట్టి తరచు రోగుల సమస్య కొంతవరకు ప్రాథమిక ఆరోగ్య సేవ అందుబాటులోకి వచ్చిందనడానికి గుర్తు కూడా.

ఘుబ్రా: సేవల స్వరూపం

ఘుబ్రా మస్కట్ గవర్నరేట్‌లోని బౌషర్ విలాయత్‌కు చెందినది. సుల్తాన్ ఖాబూస్ రహదారి దీన్ని ఉత్తర ఘుబ్రా, దక్షిణ ఘుబ్రాగా విడదీస్తుంది. పడమట అజైబా, తూర్పున అల్ ఖువైర్ ఉన్నాయి. సముద్రపు ఒడ్డున 1970ల నుంచి నగరానికి మంచినీరు అందించిన ఉప్పునీటి శుద్ధి కేంద్రం, లోపలికి ఇండియన్ స్కూల్, దక్షిణం వైపు 1987లో ప్రారంభమైన రాయల్ హాస్పిటల్ ఇక్కడి ప్రధాన గుర్తులు.

ఒమానీ పౌరులు తమ నివాసాన్ని బట్టి ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నమోదవుతారు. రుసుము నామమాత్రం. అక్కడి వైద్యుడు రాస్తేనే పాలీక్లినిక్‌కో రాయల్ హాస్పిటల్‌కో వెళ్లే దారి తెరుచుకుంటుంది. మానసిక చికిత్స అవసరమైనవారిని 2013లో అమరాత్‌లో ప్రారంభమైన అల్ మసర్రా ఆసుపత్రి వంటి సంస్థలకు పంపుతారు. ఈ ద్వారపాలక పద్ధతి వల్ల పెద్దాసుపత్రిపై రద్దీ తగ్గుతుంది. రిఫరల్ కాగితం కోసం, రిఫరల్ తరువాతి మందుల కోసం, పరీక్షల ఫలితం కోసం ప్రాథమిక కేంద్రానికి వచ్చే రాకపోకలు మాత్రం పెరుగుతాయి.

మంత్రిత్వ శాఖ స్వయంగా తయారుచేసుకున్న ‘అల్ షిఫా’ అనే కంప్యూటర్ రికార్డు వ్యవస్థ ప్రభుత్వ కేంద్రాల్లో పనిచేస్తుంది. రోగి కౌంటర్ దగ్గర గుర్తింపు కార్డు ఇస్తాడు. నర్సు రక్తపోటు, బరువు, ఉష్ణోగ్రత చూసి నమోదు చేస్తుంది. లోపలికి వెళ్లేసరికి వైద్యుడి తెరపై పాత సందర్శనల వరుస, రాసిన మందులు, రక్తపరీక్షల అంకెలు ఉంటాయి. ఉదాహరణకు యాభై ఎనిమిదేళ్ల ఒక గృహిణి రికార్డు ఊహించుకుందాం. మధుమేహ క్లినిక్‌కు నాలుగు రాకలు, మోకాళ్ల నొప్పికి మూడు, మెడనొప్పికి రెండు, కడుపులో మంటకు రెండు, ‘నిద్ర పట్టడం లేదు’ అని ఒకటి. మొత్తం పన్నెండు. విడివిడిగా చూసిన ఐదుగురు వైద్యులకు ఐదు చిన్న సమస్యలు కనిపిస్తాయి. తెరపై పన్నెండు వరుసలనూ పైనుంచి కిందకు చదివిన వైద్యుడికి నిద్ర గురించిన ఆ ఒక్క వరుస దగ్గర ఆగాలనిపించవచ్చు. అలా ఆగడానికి రికార్డు ఉంటే సరిపోదు, సమయమూ ఉండాలి. వెయిటింగ్ హాల్ నిండా జనం ఉన్న ఉదయాన అదే దొరకదు.

రకాలు (చూ. బహుళ వ్యాధిస్థితి, శారీరక లక్షణ రుగ్మత)

ఫిన్‌లాండ్‌లో కార్ల్‌సన్ బృందం 1997లో ప్రతిపాదించిన వర్గీకరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో ఐదు రకాలున్నాయి: పూర్తిగా శారీరక జబ్బులున్నవారు, స్పష్టమైన మానసిక రుగ్మత ఉన్నవారు, జీవితంలో ఏదో సంక్షోభం మధ్యలో ఉన్నవారు, మనోవేదన దీర్ఘకాలంగా శరీర బాధలుగా బయటపడేవారు, ఇవన్నీ కలగలిసిన బహుళ సమస్యలవారు.

మస్కట్ వంటి నగరంలో మొదటి రకానికి పెద్ద కారణం మధుమేహం. ఒమాన్‌లో 2017లో జరిగిన జాతీయ సర్వేలో వయోజనుల్లో సుమారు 15 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. నలభై ఏళ్లు దాటిన పౌరులకు మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కొలెస్ట్రాల్, స్థూలకాయం కోసం ప్రాథమిక కేంద్రాల్లోనే ముందస్తు పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం 2006లో మొదలైంది. అప్పటివరకు తమకు జబ్బు ఉందని తెలియనివారు ఆ పరీక్షతో క్రమం తప్పక రావలసినవారయ్యారు. రంజాన్‌కు ముందు ఉపవాసం ఉండవచ్చా, మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలి అని అడగడానికి మధుమేహ రోగులు ప్రత్యేకంగా రావలసి ఉంటుంది. ఇది తప్పనిసరి సందర్శన, వృథా అనడానికి వీల్లేదు.

ఒమానీ జనాభాలో వంశపారంపర్య రక్తవ్యాధుల వాటా గణనీయం. సికిల్ సెల్ లక్షణవాహకులు సుమారు 6 శాతమని 1990లలో జరిగిన జాతీయ సర్వేలో తేలింది. సికిల్ సెల్ ఉన్న యువకుడు ఎముకల నొప్పితో నెలకు రెండుసార్లు రావడం జబ్బు స్వభావంలోనే ఉంది. అలాంటివారిని నొప్పిమందుకు అలవాటుపడి వచ్చాడని అనుమానించడం ప్రపంచమంతటా నమోదైన అన్యాయం. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో, ఆదిలాబాద్ గిరిజన ప్రాంతాల్లో ఈ జబ్బు ఉన్న కుటుంబాలకూ ఆ అనుమానం కొత్త కాదు.

నాలుగో రకంపై గట్టి సమాచారం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో 14 దేశాల్లో నిర్వహించిన అధ్యయనం ఇచ్చింది. దాని కేంద్రాల్లో బెంగళూరు ఒకటి. సాధారణ వైద్యసేవలకు వచ్చినవారిలో సుమారు 24 శాతం మందికి నిర్ధారించదగిన మానసిక సమస్య ఉంది, వారిలో ఎక్కువమంది శరీర బాధ చెప్పుకునే లోపలికి వచ్చారు. ఒళ్లంతా తిమ్మిర్లు, కాళ్లలో మంటలు, గుండెదడ, కడుపులో గ్యాస్, తల బరువు వంటి ఫిర్యాదులు కాకినాడ ఓపీలో ఎంత మామూలో మస్కట్‌లో అంతే మామూలు. ఒమానీ సమాజంలో ‘హసద్’ అనే దిష్టి భావన, ‘వసమ్’ అనే వాతలు పెట్టే సంప్రదాయ చికిత్స ఉన్నాయి. దిష్టి తీయడం, పసరు పోయించడం, వాతలు పెట్టించడం తెలిసిన తెలుగువారికి ఇవి కొత్తగా అనిపించవు. రోగి ఒకవైపు వైద్యుణ్ని, మరోవైపు సంప్రదాయ చికిత్సకుణ్ని ఏకకాలంలో సంప్రదించడం రెండు చోట్లా మామూలే.

కారణాలు

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రోనాల్డ్ ఆండర్సన్ 1968లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం వైద్యసేవల వాడకాన్ని మూడు అంశాలు నిర్ణయిస్తాయి: వయసు, లింగం, నమ్మకాలు వంటి పూర్వస్థితి; డబ్బు, దూరం, బీమా వంటి వెసులుబాటు; జబ్బు తీవ్రత అనే అవసరం. తరచు రోగులపై జరిగిన అధ్యయనాల్లో అవసరమే అన్నిటికంటే బలమైన కారణంగా తేలుతోంది. వారిలో దీర్ఘవ్యాధులు, కుంగుబాటు, ఆందోళన, ఒంటరితనం, నిరుద్యోగం మిగతావారికంటే ఎక్కువ.

అయితే ఈ నమూనా సరిగా పట్టించుకోని నాలుగో అంశం ఒకటుంది, అది వ్యవస్థ పుట్టించే సందర్శన. నెలకు సరిపడా మాత్రలే ఇచ్చే చోట ఒక రక్తపోటు రోగి ఏడాదికి 12 సార్లు వస్తాడు. మూడు నెలలకు ఇచ్చే చోట అదే రోగి 4 సార్లు వస్తాడు. జబ్బు మారలేదు, మనిషి మారలేదు, జాబితాలో స్థానం మాత్రం మారింది. వేర్వేరు జబ్బులకు వేర్వేరు రోజుల్లో క్లినిక్కులు పెడితే మూడు జబ్బులున్న ముసలమ్మ మూడు రోజులు తిరుగుతుంది. ఒక్కో రాకలో ఒక్క సమస్యే చెప్పాలని నిబంధన పెడితే మిగిలిన సమస్యలు మరో రోజుకు వాయిదా పడతాయి. ఒక కేంద్రంలో తరచు రోగులు ఎక్కువగా ఉన్నారని తెలిసినప్పుడు ముందుగా చూడవలసింది రోగుల స్వభావం కాదు, మందుల కిటికీ దగ్గరి నియమాలు.

ప్రవాసులు, తెలుగు కార్మికులు (చూ. గల్ఫ్ వలస)

ఒమాన్ జనాభాలో సుమారు 40 శాతం ప్రవాసులు. ప్రైవేటు రంగంలో పనిచేసే ప్రవాసులు సాధారణంగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల పరిధిలోకి రారు. యజమాని ఏర్పాటు చేసిన క్లినిక్‌కు, బీమా ఉంటే బీమా జాబితాలోని ఆసుపత్రికి, ఏదీ లేకపోతే సొంత డబ్బుతో ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తారు. ప్రైవేటు ఉద్యోగులకు ఆరోగ్య బీమాను తప్పనిసరి చేసే ‘ధమానీ’ పథకాన్ని ఒమాన్ రూపొందించింది.

ఘుబ్రా, బౌషర్, ఘలా ప్రాంతాల్లోని తెలుగువారిలో ఇంజనీర్లు, అకౌంటెంట్లు, ఉపాధ్యాయుల కుటుంబాలూ ఉన్నాయి, జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి వచ్చిన నిర్మాణ కార్మికులూ ఉన్నారు, కోనసీమ, కడప, రాయచోటి వైపు నుంచి ఇంటిపనికి వచ్చిన మహిళలూ ఉన్నారు. వైద్యుడి దగ్గరకు వెళ్లే తీరు ఈ మూడు వర్గాల్లో మూడు రకాలు. కుటుంబంతో ఉన్న ఉద్యోగి పిల్లవాడికి జలుబు చేసినా వెళ్లగలడు. కార్మికుడికి వెళ్లడానికి సైట్ ఫోర్‌మన్ అనుమతి, వాహనం, సగం రోజు కూలీ కావాలి. జీతం కోత పడకుండా సెలవు దొరకాలంటే వైద్యుడి చీటీ కావాలి కనుక, రెండు రోజుల్లో తగ్గిపోయే జ్వరానికీ క్లినిక్ మెట్లు ఎక్కక తప్పదు. ఇంటిపనిలో ఉన్న మహిళకు గడప దాటడమే యజమాని చేతిలో ఉంటుంది. ఆమె పేరు ఏ తరచు రోగుల జాబితాలోనూ ఉండదు. ఉండాల్సినంత అవసరం ఉన్నా ఉండదు. బ్రిటిష్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో చెప్పిన విలోమ సేవా నియమం, అంటే అవసరం ఎక్కువగా ఉన్నచోటే సేవ తక్కువగా అందడం, ఈమె విషయంలో అక్షరాలా వర్తిస్తుంది.

ఎండలో పనిచేసేవారిలో నడుంనొప్పి, కండరాల పట్టివేత, మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్లు మళ్లీమళ్లీ వచ్చే ఫిర్యాదులు. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఆరుబయట పనిని ఒమాన్ నిషేధించింది. ఆ మూడు గంటలు దాటాకా వేడి తగ్గదు. నొప్పిమాత్ర తీసుకుని అదే పనికి తిరిగివెళ్లే మనిషి అదే నొప్పితో తిరిగిరావడంలో వింత లేదు. ఊళ్లో అప్పు, కూతురి పెళ్లి, రెండేళ్లుగా చూడని పిల్లలు వంటి సంగతులు వచ్చీరాని హిందీలో, మలయాళీ నర్సు సాయంతో ఐదు నిమిషాల్లో చెప్పుకునేవి కావు. చెప్పగలిగింది ‘కమర్ దర్ద్’ (నడుంనొప్పి) ఒక్కటే.

జోక్యాలు, ఫలితాలు

తరచు రోగుల హాజరు తగ్గించాలని చేసిన ప్రయత్నాల ఫలితాలు మిశ్రమంగానే ఉన్నాయి. కుంగుబాటు ఉన్నవారిని గుర్తించి చికిత్స చేస్తే వారి మానసిక స్థితి మెరుగుపడుతుంది, సందర్శనల సంఖ్య మాత్రం ప్రతిసారీ తగ్గదు. జాగ్రత్తగా చదవవలసిన ఉదాహరణ అమెరికాలోని కామ్‌డెన్ నగరానిది. అత్యధికంగా ఆసుపత్రి పాలయ్యేవారిని ఎంచి నర్సులు, సామాజిక కార్యకర్తలు ఇంటికి వెళ్లి తోడుండే కార్యక్రమాన్ని డాక్టర్ జెఫ్రీ బ్రెన్నర్ బృందం నడిపింది. తొలి లెక్కలు గొప్ప విజయాన్ని చూపాయి, ఆ నమూనా దేశమంతా పేరు పొందింది. తరువాత 800 మంది రోగులతో చేసిన యాదృచ్ఛిక పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు సేవ అందిన బృందంలో 62.3 శాతం, అందని బృందంలో 61.7 శాతం. రెండు బృందాల్లోనూ హాజరు దాదాపు సమానంగా పడిపోయింది. ఆ సేవ వల్ల మనుషులకు మేలే జరగలేదని దీని అర్థం కాదు. ఆసుపత్రి చేరికల సంఖ్య ఒక్కటే ఆ మేలుకు కొలబద్దగా సరిపోదని అర్థం.

ఇంతకంటే నిలకడైన ఆధారం ఒకే వైద్యుడి కొనసాగింపు విషయంలో ఉంది. నార్వేలో జాతీయ రికార్డుల ఆధారంగా 2022లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, ఒకే కుటుంబ వైద్యుడితో 15 ఏళ్లకు పైగా సంబంధం ఉన్నవారిలో, ఏడాది సంబంధమే ఉన్నవారితో పోలిస్తే, వేళ దాటిన సేవల వాడకం, అత్యవసర ఆసుపత్రి చేరిక, మరణం మూడూ సుమారు 25 నుంచి 30 శాతం తక్కువ. ఇది పరిశీలనాత్మక అధ్యయనం కాబట్టి కారణం అదేనని తేల్చి చెప్పలేం. అయినా ఈ వాదనకు ఉన్న బలమైన ఆధారాల్లో ఇదొకటి. వైద్యులు బదిలీలపై, ఒప్పందాలపై మారుతూ ఉండే గల్ఫ్ దేశాల్లో ఇలాంటి కొనసాగింపు కష్టం. ఒమాన్ తన పౌరులనే కుటుంబ వైద్యులుగా తీర్చిదిద్దే శిక్షణను పెంచుకోవడం ఈ లోటును కొంత పూడుస్తుంది. 2006లో ఏర్పడిన ఒమాన్ మెడికల్ స్పెషాలిటీ బోర్డు కింద కుటుంబ వైద్యం ఒక ప్రధాన శిక్షణ విభాగం.

వైద్యుడి స్థాయిలో సాధారణంగా సూచించే పద్ధతి ఇది: బాధ వచ్చినప్పుడు రమ్మనకుండా నిర్ణీత వ్యవధిలో రమ్మని తేదీ ఇవ్వడం, ప్రతిసారీ క్లుప్తంగానైనా ఒంటిపై చెయ్యివేసి పరీక్షించడం, కొత్త లక్షణం లేకుండా కొత్త స్కానింగులు రాయకపోవడం, ఇంటి పరిస్థితి అడగడం. అదే సమయంలో తరచుగా వచ్చే రోగికి నిజంగా కొత్త జబ్బు వచ్చినప్పుడు అది పాత ఫిర్యాదుల్లో కలిసిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడూ గ్యాస్ అంటూ వచ్చే మనిషి ఛాతీనొప్పిని గ్యాస్ అనే చెబుతాడు.

తెలుగు రాష్ట్రాల్లో

భారత ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో వైద్యుడు 104 వాహనంతో నెలకు రెండుసార్లు గ్రామానికే వెళ్లే ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభమైంది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలోనే 104 బండి నిర్ణీత తేదీన ఊరికి వచ్చి బీపీ, షుగర్ రోగులకు నెల మందులు ఇచ్చేది. ఆ తేదీన గ్రామ పంచాయతీ అరుగు మీద వరుసలో కూర్చున్న పెద్దవాళ్లను తరచు రోగులనవచ్చు. వారు రావడమే ఆ కార్యక్రమం విజయం.

ఇక్కడ పెద్ద తేడా నమోదులో ఉంది. ఘుబ్రాలోని ఒమానీ గృహిణి పన్నెండు రాకలూ ఒకే తెరపై కనిపిస్తాయి. జగిత్యాల జిల్లాలో అదే వయసు, అవే జబ్బులున్న స్త్రీ రెండుసార్లు పీహెచ్‌సీకి, నాలుగుసార్లు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు, రెండుసార్లు కరీంనగర్ ప్రైవేటు ఆసుపత్రికి, మిగతాసార్లు నేరుగా మందుల దుకాణానికి వెళ్లి ఉండవచ్చు. పీహెచ్‌సీ రిజిస్టరులో ఆమె రెండుసార్లు వచ్చిన మామూలు రోగి. ఓపీ చీటీ మీద ‘పాత కేసు’ అని రాసినా, ఆ పాత చీటీ ఆమె ప్లాస్టిక్ సంచిలో ఉంటుందే తప్ప ఏ ఒక్కచోటా పూర్తి చరిత్ర ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో తరచు రోగులపై చర్చ తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ప్రతి పౌరుడికీ ‘ఆభా’ ఆరోగ్య సంఖ్య ఇస్తున్నారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ చీటీ తీసుకునే సదుపాయం ఈ సంఖ్యతోనే నడుస్తోంది. ప్రభుత్వాసుపత్రికి వెళ్లిన రోజుల లెక్క దీనితో ఒకచోటకు చేరగలదు. ఆర్‌ఎంపీ వేసిన సూది, మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న నొప్పిమాత్రలు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికుడు అక్కడి క్లినిక్‌లో చేయించుకున్న పరీక్షలు ఆ సంఖ్య కిందకు రావు.